బబులోను నుదుటి రాత

తెలుగులో ఈ నగరానికి రెండు పేర్లున్నాయి. బడిలో చరిత్ర పాఠంగా చదువుకుంటే అది బాబిలోన్. హమ్మురాబి చట్టాలు, వేలాడే తోటలు, పరీక్షలో ఒక అయిదు మార్కుల ప్రశ్న. చర్చిలో వింటే అది బబులోను. ఆ పేరు వెంట ఊదారంగు బట్టలు, బంగారు పాత్ర, నుదుటి మీద రాసిన పేరు, చివరికి మంటలు. మొదటి దాంట్లో రాజులుంటారు. రెండో దాంట్లో ఒక ఆడది ఉంటుంది. ఊరు ఒక్కటే. రెండు దారుల్లో మనదాకా వచ్చి, ఘనత చెప్పాల్సి వచ్చినప్పుడు మగవాళ్ల ఊరుగానూ, పాపం చెప్పాల్సి వచ్చినప్పుడు ఆడమనిషిగానూ మిగిలిపోయింది.

ఈ పంపకం ఎవరు చేశారు? రెండున్నర వేల ఏళ్లుగా ఇది ఎందుకు చెక్కుచెదరలేదు? దేవదాసీల సాహిత్యం మీద పరిశోధన చేసిన నాకు ఈ ప్రశ్నతో పనేమిటని కొందరు మిత్రులు అడిగారు. పని ఉంది. మన దేవదాసీల గురించి ఆధునిక విద్య మాట్లాడిన భాషలో చాలా భాగం యూఫ్రటీస్ ఒడ్డు నుంచి అరువు తెచ్చుకున్నదే. ఆ సంగతికి తర్వాత వస్తాను. ముందు నగరం.

బాగ్దాద్‌కి దక్షిణంగా దాదాపు 85 కిలోమీటర్ల దూరంలో, హిల్లా పట్టణం పక్కన ఉన్న శిథిలాలే బాబిలోన్. అక్కడివాళ్లు తమ అక్కాదీ భాషలో దాన్ని 'బాబ్-ఇలి' అనుకున్నారు. అంటే దేవుడి వాకిలి. హీబ్రూ భాషలో రాసినవాళ్లు ఆ పేరునే విరిచి, కలగాపులగం చేయడం అనే అర్థమిచ్చే మాటకు ముడిపెట్టి బాబేలు గోపురం కథ చెప్పారు. ఒకరికి వాకిలి, మరొకరికి గందరగోళం. ఈ నగరం గురించి బయటివాళ్లు చెప్పిన మాటే లోకంలో నిలబడుతుందనడానికి ఇది తొలి గుర్తు.

హమ్మురాబి ఏలుబడి సుమారుగా క్రీ.పూ. 1792 నుంచి 1750 వరకు. మనం ఊహించుకునే నీలిరంగు ఇటుకల నగరం మాత్రం అతని తర్వాత పదకొండు వందల ఏళ్లకు, రెండో నెబుకద్నెజరు కాలంలో (క్రీ.పూ. 605-562) కట్టింది. అతనే జెరూసలేమును కూల్చి, యూదా ప్రజలను చెరపట్టి తీసుకుపోయాడు. క్రీ.పూ. 539లో పారశీక రాజు కోరెషు బాబిలోన్‌ను పట్టుకున్నాడు. క్రీ.పూ. 323లో అలెగ్జాండర్ అక్కడే చనిపోయాడు. ఆ తర్వాత ఊరు మెల్లగా వట్టిపోయింది. ఊరు వట్టిపోతున్నకొద్దీ పేరు బలిసింది.

ఆ పేరుకు బలమిచ్చింది ఓడినవాళ్ల కోపం. ఆ కోపం న్యాయమైనదని ముందే చెప్పాలి. ఇల్లూ ఊరూ గుడీ పోగొట్టుకుని, గెలిచినవాడి కాలువల పక్కన బతకాల్సి వచ్చిన మనుషుల కోపమది. 137వ కీర్తనను చెర నుంచి చెరకు జనం ఎందుకు పాడుకుంటూ వచ్చారో అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదు. 1970లో జమైకాలో మెలోడియన్స్ బృందం దాన్ని పాటగా కట్టినప్పుడు, రాస్తఫారీలకు బబులోను అంటే ఇరాక్‌లోని శిథిలాలు కాదు. తమను ఓడలకెక్కించి అమ్మిన వ్యవస్థ, తమ వీధిలో లాఠీ పట్టుకు తిరిగే పోలీసు. 1978లో బోనీ ఎమ్ గొంతులో ఆ పాట మన ఊళ్ల క్యాసెట్ షాపుల దాకా వచ్చింది. అణిచినవాడికి పెట్టడానికి ఒక పేరు దొరకడం చిన్న విషయం కాదు.

చిక్కు పేరుతో కాదు. ఆ పేరుకు తొడిగిన శరీరంతో. యెషయా గ్రంథం 47వ అధ్యాయం సామ్రాజ్యాన్ని శిక్షించడానికి ముందు దాన్ని ఒక కన్యగా మారుస్తుంది. ఆమెను సింహాసనం మీంచి దించి మట్టిలో కూర్చోబెడుతుంది. తిరగలి పట్టమంటుంది. ముసుగు తీయిస్తుంది, కాళ్ల మీద బట్ట పైకి లాగిస్తుంది, అందరూ చూసేలా సిగ్గు తీస్తుంది. తిరగలి విసరడం ఆనాడు బానిస స్త్రీల పని. ముసుగు లాగడం గెలిచిన సైన్యం ఓడిన ఊళ్ల ఆడవాళ్లకు చేసే పని. అంటే జెరూసలేము ఆడవాళ్ల మీద జరిగినదాన్నే కవి బబులోను మీద జరగాలని కోరుకున్నాడు. నెబుకద్నెజరు సేనాపతులకు జరగాలని కాదు. ప్రతీకారం ఊహలో తీర్చుకోవడానికి కూడా ఒక ఆడశరీరమే కావాల్సి వచ్చింది. సొంత నగరాన్ని తిట్టాల్సి వచ్చినప్పుడూ ప్రవక్తలు ఇదే చేశారు. యెహెజ్కేలు గ్రంథం 16, 23 అధ్యాయాల్లో జెరూసలేమే వ్యభిచారిణి. శత్రువైనా స్వజనమైనా నగరం తప్పు చేస్తే ఆడదైపోతుంది.

మొదటి శతాబ్దం చివర్లో రాశారని భావించే ప్రకటన గ్రంథం ఈ ఊహను చివరిదాకా తీసుకుపోయింది. అప్పటికి అసలు బాబిలోన్ ఎవరినీ భయపెట్టే స్థితిలో లేదు. ఏడు కొండల మీద కూర్చున్న మహా బబులోను అంటే రోమ్ అని అందులోనే సూచన ఉంది. 18వ అధ్యాయంలో ఆమె కోసం ఏడ్చే వర్తకుల సరుకుల జాబితా ఒకటుంది. బంగారం, వెండి, ముత్యాలు, పట్టు, దంతం, దాల్చినచెక్క, గోధుమలు, పశువులు. చిట్టచివర బానిసలు, అంటే మనుషుల ప్రాణాలు. సామ్రాజ్యపు ఆర్థికశాస్త్రాన్ని ఇంత సూటిగా పట్టుకున్న ప్రాచీన రచనలు తక్కువ. అయితే ఆ సామ్రాజ్యాన్ని నడిపిన చక్రవర్తులు, సైన్యాధిపతులు, ఓడల యజమానులు అందరూ మగవాళ్లు. నగ్నంగా నిలబెట్టి, మాంసం తిని, కాల్చేది మాత్రం ఒక వేశ్యను. రాజులు దూరంగా నిలబడి ఏడుస్తారు. వాళ్లకు మంట అంటదు.

స్త్రీవాద బైబిల్ పండితుల మధ్య దీని మీద గట్టి చర్చే జరిగింది. ఎలిజబెత్ షుస్లర్ ఫియొరెంజా 1991లో వచ్చిన పుస్తకంలో, ఇది పీడితుల పక్షాన నిలిచిన రచన అనీ, బబులోను ఒక స్త్రీ కాదు, సామ్రాజ్య నగరం అనీ, ఆ ఆడరూపం ఆనాటి రచనా సంప్రదాయం ఇచ్చింది మాత్రమేననీ వాదించారు. 1992లో టీనా పిపిన్ ఇందుకు ఎదురు నిలిచారు. ప్రతీక అయినా సరే, ఆడశరీరం కాలుతుంటే ఆడ పాఠకురాలు దాన్ని దాటి పోవడం ఎలా అన్నది ఆమె ప్రశ్న. చాలాకాలం నేను ఈ ఇద్దరి మధ్య ఊగాను. ఫియొరెంజా మాట వింటే పాఠ్యంలోని రాజకీయం బతుకుతుంది. పిపిన్ మాట వింటే పాఠకురాలు బతుకుతుంది.

ఈ ఊగిసలాట నుంచి నన్ను బయటపడేసింది 2011లో జెన్నిఫర్ గ్లాన్సీ, స్టీఫెన్ మూర్ రాసిన ఒక వ్యాసం. నుదుటి మీద పేరు రాసి ఉందన్న చిన్న వివరాన్ని వాళ్లు పట్టుకున్నారు. రోమన్ లోకంలో నుదుటి మీద పచ్చబొట్టు ఎవరికుండేది? పారిపోయి దొరికిన బానిసలకు. ఊదారంగు బట్టలు, నగలు ఎంత ఉన్నా, ఆ నుదుటి రాత ఆమెను రాణి పక్కన కాదు, వేశ్యాగృహంలో అమ్ముడైన బానిస పక్కన నిలబెడుతుంది. ఈ కోణం నుంచి చూస్తే బొమ్మ మొత్తం తలకిందులవుతుంది. రోమ్ ఎవరి శరీరాల మీద బతికిందో వాళ్ల ముఖాన్నే తీసుకొచ్చి రోమ్‌కి తగిలించారు. దోచుకున్నవాడి నేరం దోపిడీకి గురైన ఆడదాని నుదుట రాశారు. నుదుటి రాత అనే మాటను తలరాత అనే అర్థంలో వాడుకునే మన భాషలో ఈ సంగతి ఇంకాస్త గుచ్చుకుంటుంది. రాత దానంతటది పుట్టదు. సూది పట్టుకున్న చెయ్యి ఒకటి ఉంటుంది.

ప్రవక్తలది ఒక దారి. గ్రీకులది ఇంకో దారి. హెరొడోటస్‌కి బాబిలోన్ మీద కోపం లేదు, వింత ఉంది. క్రీ.పూ. అయిదో శతాబ్దంలో రాసిన తన చరిత్ర మొదటి సంపుటిలో రెండు కథలు చెప్పాడు. ఒకటి, ఆ దేశంలో ప్రతి స్త్రీ జీవితంలో ఒకసారి మిలిట్టా దేవత గుడి దగ్గర కూర్చుని, వెండి విసిరిన పరాయి మగవాడితో వెళ్లాలని. అందగత్తెలు త్వరగా ఇంటికి పోతారట, అందం లేనివాళ్లు మూడు నాలుగేళ్లు కూర్చోవాలట. రెండోది పెళ్లి సంత. పెళ్లీడు పిల్లలందరినీ ఒకచోట చేర్చి, అందగత్తెలను వేలం వేసి, ఆ డబ్బుతో మిగతా పిల్లలకు కట్నాలిస్తారట. రెండింట్లోనూ ఆడవాళ్లను అందం కొలతతో వరసపెట్టడం గమనించండి. ఆ కొలబద్ద బాబిలోన్‌ది కాదు, కథ చెప్పేవాడిది.

ఈ రెండో కథకు ఒక విచిత్రమైన తరవాయి ఉంది. ఎడ్విన్ లాంగ్ అనే ఇంగ్లీషు చిత్రకారుడు 1875లో 'బాబిలోనియన్ మ్యారేజ్ మార్కెట్' గీశాడు. వేలం అరుగు మీద నిలబడ్డ అమ్మాయి మనకు వీపు తిప్పి ఉంటుంది. తమ వంతు కోసం నేల మీద వరసగా కూర్చున్న అమ్మాయిలు మనవైపు ముఖం పెట్టి ఉంటారు. చూసేవాళ్లు కొనేవాళ్లయిపోయే ఏర్పాటు అది. 1882లో థామస్ హాలోవే అనే మందుల వ్యాపారి దీన్ని 6,300 గినీలకు వేలంలో కొన్నాడు. తాను స్త్రీల ఉన్నత విద్య కోసం కట్టిస్తున్న కాలేజీ గోడకు పెట్టడానికి! 1886లో ఆ కాలేజీ తెరిచారు. చదువు కోసం పోరాడి ఇల్లు దాటి వచ్చిన మొదటి తరం అమ్మాయిలు, పెళ్లి కోసం వేలం వేసే బొమ్మ ముందు నుంచి నడిచి క్లాసుకి వెళ్లారన్నమాట. అది వాళ్లకు హెచ్చరికగా కనిపించిందో, ఓదార్పుగా కనిపించిందో! ఎక్కడో తూర్పున ఎప్పుడో జరిగిన అనాగరికం అని చెప్పడం వల్ల, లండన్ పెళ్లి సంబంధాల మార్కెట్ మీద చూపు పడకుండా పోతుంది. ప్రాచ్యపు ఆడదాన్ని బానిసగా చూపించడం పడమటి ఆడదానికి నువ్వు స్వేచ్ఛగా ఉన్నావని నచ్చచెప్పే పద్ధతి.

కట్టింది ఆడదని ఒప్పుకున్న గ్రీకు కథ కూడా చివరికి ఇక్కడికే వస్తుంది. బాబిలోన్‌ని కట్టించింది సెమిరామిస్ రాణి అని డియొడోరస్ రాశాడు. ఆ వెంటనే ఆమె అందమైన సైనికులను ఏరుకుని, తర్వాత చంపించేదనీ రాశాడు. దాంతే తన నరకంలో ఆమెను కాముకుల వలయంలో పెట్టాడు. ఈ పేరు వెనక ఉన్నదనుకునే నిజమైన మనిషి సమ్మురామత్ అస్సిరియా రాణి. కొడుకుతో కలిసి యూఫ్రటీస్ దాటి యుద్ధానికి వెళ్లిందని ఒక శిలాశాసనం చెబుతుంది. ఆ శాసనంలో పడకగది ఊసే లేదు.

ఇప్పుడు మన దగ్గరకు వద్దాం. హెరొడోటస్ చెప్పిన గుడి కథ పంతొమ్మిదో శతాబ్దంలో 'పవిత్ర వ్యభిచారం' అనే శాస్త్రీయ పదంగా మారింది. జేమ్స్ ఫ్రేజర్ 'గోల్డెన్ బౌ' మూడో కూర్పులో పశ్చిమాసియా గుళ్ల స్త్రీలనూ తమిళ దేశపు దేవదాసీలనూ ఒకే వరసలో పెట్టి చూపించాడు. అప్పటినుంచి బాబిలోన్ మన దేవదాసీకి వివరణ అయింది, దేవదాసి బాబిలోన్‌కి సాక్ష్యం అయింది. ఒకదానికొకటి రుజువు! మధ్యలో ఎవరూ ఏ ఊళ్లోనూ విచారించలేదు. నా పరిశోధన రోజుల్లో ఒక సెమినార్‌లో ముద్దుపళని మీద పత్రం చదివాక, ఒక పెద్ద ఆచార్యుడు లేచి, ఇందులో కొత్తేముంది, బాబిలోన్‌లో కూడా గుళ్లలో ఇదే కదా జరిగింది అన్నారు. హాలంతా తలలూపింది. ఒక కవయిత్రి కావ్యం మీద చర్చ ఆ ఒక్క వాక్యంతో ముగిసిపోయింది.

2008లో స్టెఫనీ బుడిన్ ఒక పుస్తకమే రాశారు, ప్రాచీన లోకంలో పవిత్ర వ్యభిచారం అనేది అసలు ఉండేది కాదని. హెరొడోటస్ తర్వాతివాళ్లు ఒకరినొకరు చూసి రాసుకున్నదే తప్ప, మెసపొటేమియా సొంత పలకల్లో అలాంటి ఆచారానికి ఆధారం లేదని ఆమె వాదన. అంతకుముందు 1998లోనే జూలియా అసాంటె ఇంకో మాట అన్నారు. నిఘంటువులు 'వేశ్య' అని అర్థం రాసిన 'హరీమ్తు' అనే అక్కాదీ పదానికి, తండ్రి చాటున గానీ భర్త చాటున గానీ లేని ఒంటరి స్త్రీ అనే అర్థం చెప్పుకోవచ్చని. ఈ ఇద్దరి వాదాలనూ అందరూ ఒప్పుకోలేదు. అయినా ప్రశ్న నిలుస్తుంది. ఏ మగవాడి పేరూ వెనక లేని ఆడదానికి పెట్టడానికి ఒక్క పేరే దొరికిందా పండితులకు? మన వాడుకలో బోగం, సాని అనే మాటలు నడిచిన దారి తెలిసినవాళ్లకు ఈ ప్రశ్న కొత్తగా అనిపించదు.

మన ప్రబంధాల పురవర్ణనలనూ ఒకసారి గుర్తు చేసుకోండి. కోటలు, అగడ్తలు, ఏనుగులు, నాలుగు వర్ణాల వాళ్లు అయ్యాక వారకాంతలు, పువ్వులమ్మే పుష్పలావికలు వస్తారు. అక్కడ కాల్చడం లేదు, మెచ్చుకోవడమే ఉంది. అయితే నగరానికి వాళ్లు నగలే తప్ప పౌరులు కారు. ఆ నగలే పద్దెనిమిదో శతాబ్దపు తంజావూరులో కలం పట్టుకుని, అవతారికలో తన వంశపు స్త్రీల పేర్లు చెప్పుకుని 'రాధికా సాంత్వనము' రాస్తే ఏమైందో మనకు తెలుసు. వీరేశలింగం ఆమెను తప్పు పట్టారు. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ దాన్ని అచ్చు వేయిస్తే, మరుసటి ఏడే ప్రభుత్వం నిషేధించింది. 1947 దాకా ఆ నిషేధం పోలేదు. సిగ్గు అనేది ఆడవాళ్లు రాస్తేనే గుర్తొస్తుందా అన్నది నాగరత్నమ్మ లేవనెత్తిన వాదం. బబులోను బొమ్మకు కూడా ఇంతకన్నా మంచి విమర్శ నాకు కనబడలేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. పవిత్ర వ్యభిచారం కట్టుకథ అన్నంత మాత్రాన జోగిని వ్యవస్థలో దళిత స్త్రీలు పడ్డ హింస కట్టుకథ అయిపోదు. నిజానికి ఆ హింసను కప్పిపెట్టడానికి పనికొచ్చింది ఈ బాబిలోన్ పోలికే. అదొక ప్రాచీన ఆచారం, అన్ని నాగరికతల్లోనూ ఉన్నదే అనగానే, ఆ పిల్లను దేవుడికి వదలమన్న ఊరి పెద్ద కులం కనబడదు, వాళ్ల అమ్మానాన్నలకు లేని భూమి కనబడదు. ఆంధ్రప్రదేశ్‌లో 1988లో చట్టం రావాల్సి వచ్చింది ఏ మిలిట్టా దేవత వల్లా కాదు. ఆచారం అనే మాట వినబడిన ప్రతిచోటా, అందులో లాభపడింది ఎవరని అడగడం మొదలుపెడితే బాబిలోన్ మసక వీడిపోతుంది.

మరి ఆ ఊళ్లో నిజంగా ఆడవాళ్లు ఎలా బతికారు? ఇది చెప్పగల అదృష్టం బాబిలోనియాకు ఉంది. తాటాకు చెద పట్టిపోతుంది, తోలు చివికిపోతుంది. మట్టి పలక మాత్రం నిలుస్తుంది, ఇల్లు తగలబడితే ఇంకా గట్టిపడుతుంది.

హమ్మురాబి రాజ్యంలోని సిప్పర్ పట్టణంలో నాదీతు అనే స్త్రీలు ఉండేవారు. సూర్యదేవుడు షమష్‌కి అంకితమై, గోడ కట్టిన 'గాగుమ్' అనే వాడలో సొంత ఇళ్లలో బతికేవారు. పిల్లల్ని కనకూడదు. నాదీతు అంటే బీడు అని అర్థం. ఆ బీడు స్త్రీలే పొలాలు కొన్నారు, కౌలుకిచ్చారు, వెండి వడ్డీకి తిప్పారు, కోర్టుకెక్కారు. వాళ్ల పత్రాలు రాసినవాళ్లలో ఆడ లేఖకులూ ఉన్నారు. అమత్-మాము అనే ఆవిడ పేరు ఆ పలకల మీద మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. రివ్కా హారిస్ 1975లో ప్రాచీన సిప్పర్ మీద రాసిన పుస్తకం చదివినప్పుడు, దేవుడికి ఇచ్చిన ఆడపిల్లలంటే ఒకే అర్థం వచ్చే మన చదువుల్లో ఈ పేరు ఎందుకు లేదా అనిపించింది.

అలాగని దీన్ని స్వర్ణయుగం చేసుకోవడానికి లేదు. కన్నవాళ్లు కూతుర్ని అలా ఇవ్వడంలో ఆస్తి ఇంట్లోనే ఉండాలన్న లెక్క ఉంది. హమ్మురాబి శిల మీది చట్టాలు తీయండి. భార్య మీద ఎవరో వేలెత్తి చూపితే చాలు, ఆమె మరొకడితో పట్టుబడకపోయినా, భర్త కోసం నదిలో దూకాలని 132వ చట్టం. భర్తను వద్దన్న స్త్రీ మాట విచారించి, తప్పు అతనిదైతే ఆమె కట్నం తీసుకుని పుట్టింటికి పోవచ్చని 142వది. తప్పు ఆమెదైతే నీళ్లలో పడేయమని 143వది. అన్నింటికన్నా నన్ను ఆపేసింది 210వ చట్టం. ఒకడు పెద్దింటి గర్భిణిని కొట్టి, ఆమె చనిపోతే, శిక్షగా వాడి కూతుర్ని చంపాలి. కంటికి కన్ను అన్న న్యాయం ఎంత కచ్చితమైందో చూడండి. నేరం చేసింది తండ్రి, ప్రాణం పోయేది పిల్లది. నగరం నేరానికి ఆడశరీరాన్ని శిక్షించే ఊహ ప్రవక్తలు ఎక్కడినుంచో కనిపెట్టింది కాదు. ఆ ఊహకు చట్టం రూపం బాబిలోన్ రాతి మీదే ఉంది.

నెబుకద్నెజరు తర్వాతి తరాల పలకలు ఇంకా దగ్గరగా మాట్లాడతాయి. 1870లలో దొరికిన ఎగిబి అనే వ్యాపార కుటుంబపు పత్రాలు దాదాపు 1,700 ఉన్నాయి. అందులో ఇన-ఎసగిల-రామత్ అనే గృహిణి ఉంది. ఆమె కట్నపు వెండి వాడుకున్న భర్త, బదులుగా ఆస్తినీ బానిసలనూ ఆమె పేరిట రాశాడు. ఆ ఏర్పాటులో భర్త తెలివి ఎంతో, ఆమె తెలివి ఎంతో తూచడం కష్టం. ఆమె ఆస్తి అంటే మరికొందరు ఆడవాళ్లు అన్న సంగతి మాత్రం స్పష్టం.

అదే కుటుంబంలో ఇషున్నతు అనే బానిస ఉంది. పారశీక రాజు కాంబిసెస్ కాలంలో (క్రీ.పూ. 530-522) యజమాని ఆమెను కీష్ పట్టణంలో కల్లు దుకాణం పెట్టించడానికి పంపాడు. ఆమెకు అప్పగించిన సామాన్ల జాబితా ఉంది. బీరు కుండలు, మంచాలు, కుర్చీలు, బల్లలు. వచ్చిన రాబడి యజమానిది. లెక్క అప్పజెప్పాల్సింది ఆమె. ఆ కాలపు అమ్మకపు పత్రాల్లో బానిసల గుర్తులు రాసేటప్పుడు, చేతి మీద యజమాని పేరు ఉందని రాస్తారు. మనిషిని కొన్నాక పేరు చెరిపి కొత్తది రాయడం కుదరదు కాబట్టి కొందరి చేతుల మీద ఒకటికి మించి పేర్లుండేవి.

ఈ నగరంలో పేర్లు ఎక్కడెక్కడ రాశారో ఒక వరసలో పెట్టి చూస్తే చరిత్ర అంతా అందులోనే ఉందనిపిస్తుంది. నెబుకద్నెజరు తన పేరు ఇటుకల మీద అచ్చు వేయించాడు. సద్దాం హుస్సేన్ 1980లలో ఆ గోడల మీద కొత్త గోడలు లేపి, తన పేరు వేసిన ఇటుకలు పేర్పించాడు. ఏలేవాడి పేరు ఇటుక మీద, బానిసకు యజమాని పేరు చేతి మీద, సామ్రాజ్యపు పాపం పేరు ఆడదాని నుదుటి మీద. మొదటిది కీర్తి. రెండోది హక్కు. మూడోదాన్ని నీతి అన్నారు.

2003 ఏప్రిల్ తర్వాత అమెరికా, ఆపైన పోలండ్ సైన్యాలు ఈ శిథిలాల మీదే శిబిరం వేశాయి. బ్రిటిష్ మ్యూజియం తరఫున జాన్ కర్టిస్ 2005 జనవరిలో ఇచ్చిన నివేదిక ప్రకారం, 2,600 ఏళ్ల నాటి ఊరేగింపు బాట ఇటుకలను వాహనాలు నలిపేశాయి, ఇష్తార్ ద్వారం పునాదిలోని తొమ్మిది డ్రాగన్ బొమ్మలకు దెబ్బ తగిలింది, ఇసుక బస్తాల్లోకి పురావస్తువులున్న మట్టి ఎత్తారు. ఇరాక్‌లో పుట్టిన పండితురాలు, 2001లో 'విమెన్ ఆఫ్ బాబిలోన్' రాసిన జైనబ్ బహ్రానీ 2004లో అక్కడే ఉండి ఆ నష్టాన్ని బయటపెట్టినవాళ్లలో ఒకరు. 2019లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

ఆ రోజుల్లో మనం రాసిన యుద్ధ వ్యతిరేక వ్యాసాల్లో, కవితల్లో బాబిలోన్ మీద అత్యాచారం, చెరచబడ్డ మెసపొటేమియా అనే మాటలు దొర్లాయి. మంచి ఉద్దేశంతోనే. అయినా యెషయా వాడిన అచ్చే అది. ఊరిని మళ్లీ ఆడదాన్ని చేశాం. ఈసారి జాలిపడటానికి. ఊరిని ఆడదిగా చూస్తే అందులోని ఆడవాళ్లు ఎంతమంది, ఎవరు, ఏ పనిలో ఉన్నారు అని అడగాల్సిన అవసరం తప్పిపోతుంది. హైదరాబాదును, విజయనగరాన్ని, రేపు కట్టబోయే ఏ రాజధానినైనా వధువుగా, తల్లిగా, మోసపోయిన ప్రియురాలిగా రాసేటప్పుడు కూడా ఇదే జరుగుతుంది. ఆ ఊరి ఇటుకలు మోసిన ఆడకూలీ ఆ పోలిక వెనక మాయమవుతుంది.

సామ్రాజ్యాన్ని బబులోను అని పిలిచే హక్కును వదులుకోమని నేను అనడం లేదు. రాస్తఫారీ పాటకూ, మన దళిత క్రైస్తవ స్త్రీల ప్రార్థనకూ ఆ పేరు అవసరం. ఆ పేరును తప్పు నుదుటి మీంచి తీయమంటున్నాను. రాయాల్సిన చోటు మనకు తెలుసు, సరుకుల జాబితా ఎవరి చేతిలో ఉందో అక్కడ. ఎం.ఏ. క్లాసులో ప్రాచీన సాహిత్యం చెప్పే మనలో ఎవరైనా ఈ నగరం పేరు ఎత్తినప్పుడు, బంగారు పాత్ర పట్టుకున్న ఆమెతో పాటు బీరు కుండలు లెక్కపెట్టుకుంటున్న ఇషున్నతును కూడా పరిచయం చేయాలి. ఆమె పలక పగలకుండా మిగిలింది. అందులో ఆమె పేరు యజమాని పేరు పక్కనే, అతని అక్షరాలంత సైజులోనే ఉంది.